కుడిచేతి వాచీ

శవం కళ్ళెదురుగా ఉంది. ముట్టుకోవడానికి వీల్లేదు.

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. పళ్ళెమంత గుండ్రటి కిటికీ. నాలుగు వేళ్ళ మందం అద్దం. అద్దానికి అవతల ఇనప నేల మీద, నల్ల రబ్బరు సూటులో, ఒక మనిషి వెల్లకిలా పడున్నాడు. వయసు నలభై అయిదుంటుంది. పెదవులు నీలంగా ఉన్నాయి. కుడిచెయ్యి కిటికీ వైపు చాపి ఉంది. ఎవరినో ఏదో అడుగుతున్నట్టుంది.

"తలుపు తియ్యండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తియ్యకూడదు సార్," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎప్పుడు తీస్తారు?"

"నాలుగు రోజులకి."

కానిస్టేబులు కిసుక్కుమన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. ఆయన తొందరగా నవ్వడు. తొందరగా మాట్లాడడు కూడా. డిపార్ట్‌మెంటులో ఆయన్ని నత్త అంటారు. ఆయనకా సంగతి తెలుసు. నత్త నడిచిన చోట చార మిగులుతుందని అనుకుని ఊరుకుంటాడు.

ఓడ నడిసముద్రంలో లంగరు వేసి ఉంది. రేవు నుంచి లాంచీలో గంటన్నర ప్రయాణం. డెక్కు మీద పెద్ద ఇనప పీపా అడ్డంగా పడుకోబెట్టి ఉంది. దాన్ని ఛాంబరు అంటారు. లోతు నీళ్ళలో పనిచేసే డైవర్లు వారాల తరబడి అందులోనే ఉంటారు. తిండీ నిద్రా అందులోనే.

సూపర్‌వైజరు చెప్పాడు. యాభై ఏళ్ళ మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"సోడా బుడ్డి తెలుసు కదా సార్. మూత బిగించి ఉన్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. ఒక్కసారి తీస్తే బుస్సుమంటుంది. లోపల వందమీటర్ల లోతులో ఉండే ఒత్తిడి పెట్టాం. వాళ్ళ ఒంట్లో గాలి ఇంకిపోయి ఉంది. మెల్లగా దించుకుంటూ రావాలి. ఇప్పుడు తలుపు తీస్తే లోపలున్న ఇద్దరూ పోతారు."

"ఇద్దరా?"

"ఇద్దరు సార్. ఒకడు చచ్చినవాడి తమ్ముడు. ఇంకొకడు..." సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "చంపినవాడు."

ఇన్‌స్పెక్టరు పక్కనున్న కంట్రోల్ రూము గోడ గడియారం చూశాడు. మధ్యాహ్నం ఒకటీ ఇరవై.

తరవాత మళ్ళీ కిటికీలోకి వంగాడు. చచ్చినవాడి కుడి మణికట్టు మీద పాత స్టీలు వాచీ ఉంది. మందంగా, మొరటుగా ఉంది. నీళ్ళలో పెట్టుకునే రకం. పన్నెండూ యాభై ఎనిమిది చూపిస్తోంది.

నోటుబుక్కులో ఒక అంకె రాసుకున్నాడు.

"డాక్టరేడీ?"

కానిస్టేబులు గొంతు సవరించుకున్నాడు. "లాంచీలోనే ఉన్నారండీ. లోపలికి పంపడం కుదురుతుందట. వెళ్తే ఆయన కూడా నాలుగు రోజుల దాకా బయటికి రారట. ఆ మాట విన్నాక సీటుకి అతుక్కుపోయారు."

అంటే పోస్టుమార్టం లేదు. మనిషి దేనివల్ల పోయాడో నాలుగు రోజుల దాకా తెలీదు.

ఆ నాలుగు రోజులే చిక్కు.

ఛాంబరులో రెండు గదులు. ముందు గదిలో శవం. శవం పక్కనే, వీపు గోడకి ఆనించి, తమ్ముడు కూర్చున్నాడు. ఓడలో అతన్ని చిన్నోడంటారు. పేరుకే చిన్నోడు. గుమ్మంలో నిలబడితే వెనక వెలుతురు కనబడదు. చేతిలో బారెడు స్పానరు ఉంది.

లోపలి గదిలో, మంచం మీద, ముడుచుకుని ఇంకొకతను ఉన్నాడు. అతన్ని ఓడంతా బావ అనే పిలుస్తుంది. చచ్చినవాడికి చెల్లెలు, చిన్నోడికి అక్క, ఆ ఇంటి ఒక్క ఆడపిల్లనే చేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు మైకు అందుకున్నాడు. "చిన్నోడా, నేను పోలీసుని. నాతో మాట్లాడతావా?"

స్పీకరులోంచి బాతు అరిచినట్టు వచ్చింది. "మా అన్నని చంపేశాడు సార్! వాణ్ణి నేను వదల్ను!"

కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. లోపల పీల్చేది హీలియం. బుడగల్లో నింపే గాలి. అందులో ఏడ్చినా బాతు గొంతే, చంపుతానన్నా బాతు గొంతే. సూపర్‌వైజరు ఒక మీట తిప్పాడు. గొంతు కాస్త మనిషిదైంది.

"అయిదు గంటల దాకా చూస్తాను సార్. ఆ తరవాత మీ చట్టం మీది, నా స్పానరు నాది. మీరు లోపలికి రాలేరు. వాడు బయటికి పోలేడు."

కానిస్టేబులు నవ్వు ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు వెనక్కి చూశాడు. రెయిలింగు దగ్గర ఒకామె నిలబడి ఉంది. వాళ్ళతో లాంచీలోనే వచ్చింది. గంటన్నరా ఒక్క మాట మాట్లాడలేదు. లోపల శవం ఆమె అన్న. స్పానరు పట్టినవాడు ఆమె తమ్ముడు. మంచం మీద ముడుచుకున్నవాడు ఆమె మొగుడు.

ఆమె చీర కొంగు గాలికి కొట్టుకుంటోంది. ఆమె మాత్రం కదల్లేదు.

* * *

కంట్రోల్ రూము ఛాంబరుకి ఆనుకునే ఉంది. ఒక కుర్చీ. చుట్టూ మీటలు, మీటర్లు, ఎర్ర దీపాలు. కుర్చీలో కూర్చున్నవాడి చేతిలోనే కింద ఉన్నవాళ్ళ ఊపిరి.

"మొదట్నుంచీ చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సూపర్‌వైజరు లాగ్ పుస్తకం ముందుకు తోశాడు.

"పొద్దున ఎనిమిదిన్నరకి బెల్లు దించాం. ఇద్దరు పట్టే ఇనప బుడ్డి సార్, పైకొచ్చాక ఛాంబరుకే తగిలిస్తాం. అందులో పెద్దోడు, అదే ఆ చచ్చినవాడు, బావ. చిన్నోడు ఛాంబరులోనే పడుకున్నాడు. తొమ్మిదీ పదికి పెద్దోడు బెల్లులోంచి నీళ్ళలోకి దిగాడు. అక్కడ ఇనప స్తంభాలున్నాయి. వాటి అతుకులకి బీటలున్నాయేమో చూడాలి."

"బావ?"

"బావ బెల్లులోనే ఉంటాడు. పెద్దోడి గాలి వాల్వు వాడి చేతిలో ఉంటుంది. పదీ ముప్ఫై ఎనిమిదికి పెద్దోడి గాలి పడిపోయింది. వాల్వు మూసేస్తే తప్ప అలా పడదు. నలభై ఒకటికి బావని బయటికి పంపాను. యాభై రెండుకి శవాన్ని తెచ్చాడు. అంతా పుస్తకంలో ఉంది."

"మాటలు రికార్డు కావా?"

"మిషను చెడిపోయి నెలయింది సార్. రాసి పెట్టాను, కొత్తది రాలేదు."

"చంపాల్సినంత ఏముంది?"

"మూడు రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. ఓడంతా తెలుసు."

ఇన్‌స్పెక్టరు వేలితో లైన్ల వెంట నడిచాడు. "ఈ జలగ ఏంటి? జలగ ఆన్, తొమ్మిదీ నలభై. ఆఫ్, నలభై మూడు. మళ్ళీ పదీ పన్నెండుకి ఆన్, పదిహేనుకి ఆఫ్."

"కరెంటు అయస్కాంతం సార్. కింద ప్రవాహం మనిషిని నిలబడనివ్వదు. ఎడమచేతికి అది కట్టుకుని స్తంభానికి ఆనిస్తారు. ఇక్కణ్ణించి కరెంటు ఇస్తే జలగలా పట్టేస్తుంది. తీసేస్తే వదిలేస్తుంది."

"స్విచ్చు?"

"ఇదిగో, ఇక్కడే."

"బెల్లులో లేదా?"

"లేదు సార్." సూపర్‌వైజరు అసహనంగా కదిలాడు. "దానికీ దీనికీ సంబంధమేంటి?"

"ఏమీ లేదు. నేను నత్తని. అన్నీ నాకుతాను."

* * *

బావ గొంతు స్పీకరులో వణికింది.

"నేను వాల్వు ముట్టుకోలేదు సార్. మా పిల్లల మీద ఒట్టు."

"నీకు పెద్దోడి మాటలు వినబడతాయా?"

"వినబడవు సార్. వాడు పైకి మాట్లాడతాడు, నేను పైకి మాట్లాడతాను. మధ్యలో సూపర్‌వైజరు కలిపితేనే ఒకరికొకరం."

"ఇవాళ ఏం జరిగింది?"

"పదింపావు దాటాక బెల్లు చల్లబడింది. పైనుంచి వేణ్ణీళ్ళు వస్తాయి సార్, గొట్టంలో. వాటితోనే మా సూట్లు వెచ్చగా ఉంటాయి. కింద నీళ్ళు మంచు. అవి ఆగితే అయిదు నిమిషాల్లో డైవరు బెల్లుకి వచ్చెయ్యాలి. ఇదేంట్రా అని పైకి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. పలకలేదు."

"నువ్వు దిగి చూడలేదా?"

బావ మంచం మీద ఇంకా ముడుచుకున్నాడు.

"ఆర్డరు లేకుండా బెల్లు వదలకూడదు సార్. అది రూలు. నాకేమైనా అయితే ఇద్దరం పోతాం. పెద్దోడే వచ్చేస్తాడులే అనుకున్నాను. వాడికి నాకన్నా బాగా తెలుసు. తరవాత ఎప్పటికో సూపర్‌వైజరు గొంతు వచ్చింది. వెళ్ళి చూడమన్నాడు. వెళ్ళాను. నీళ్ళలో తేలుతున్నాడు. పట్టుకుంటే రాయి సార్. చల్లటి రాయి. గాలి మాత్రం వస్తూనే ఉంది."

"అబద్ధం!" వెనక నుంచి సూపర్‌వైజరు. "వేణ్ణీళ్ళు ఆగనే లేదు. వాల్వు మూసి, పని అయ్యాక మళ్ళీ తెరిచాడు."

"విన్నారా సార్?" ముందు గదిలోంచి చిన్నోడు. స్పానరు నేలకేసి కొట్టాడు. ఛాంబరంతా గంటలా మోగింది. "రెండు రోజులకొకసారి మా ఇంట్లో కూర్చుని తిన్నవాడు సార్ వీడు!"

"ఒరే చిన్నోడా, నీ కాళ్ళు పట్టుకుంటాను, నా మాట..."

"నా కాళ్ళ దాకా వస్తే తల ఉండదు బావా. అక్కడే ఉండు."

ఇద్దరి మధ్యా తలుపు లేని గుమ్మం. రెండడుగులు.

ఇన్‌స్పెక్టరు టైము చూశాడు. రెండూ అయిదు. కిటికీలోంచి శవం చేతి వాచీ చూశాడు. ఒకటీ నలభై మూడు.

మొదటిసారి ఇరవై రెండు నిమిషాలు తేడా. ఇప్పుడూ ఇరవై రెండే.

"పాత డొక్కు వాచీ సార్," అన్నాడు కానిస్టేబులు. "సెల్లు అయిపోవచ్చి ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు సెకన్ల ముల్లు వంక చూస్తూనే ఉన్నాడు. టిక్కు. టిక్కు. ఒక్కొక్క సెకనుకి ఒక్కొక్క అడుగు.

"చిన్నోడా, ఆ వాచీ ఎవరిది?"

"మా నాన్నది సార్. ఆయనా డైవరే. నలభై ఏళ్ళ కిందటి క్వార్ట్జ్. నెలకి రెండు సెకన్లు తప్పదు. మాకు లోపల పగలూ రాత్రీ ఒకటే కదా, పొద్దున ఆరింటికి అందరం కంట్రోలు రూము గడియారంతో వాచీలు కలుపుకుంటాం. ఇవాళ కూడా కలిపాడు. అన్న చూపించి మరీ నన్ను వెక్కిరించాడు. నాది నాలుగు సెకన్లు ముందుంది."

"ఇప్పుడు చూడు."

చిన్నోడు వంగాడు. తన వాచీ చూసుకున్నాడు. మళ్ళీ వంగాడు.

"ఇదేంటి?" అన్నాడు మెల్లగా.

"మీ అన్నది ఎడమచేతి వాటమా?"

"కాదు సార్. మామూలే."

"మరి వాచీ కుడిచేతికెందుకుంది?"

"జలగ ఎడమచేతికి కడతాం కదా. దాని పక్కన మా నాన్న వాచీ ఉంచడు. జలగ పనున్న రోజు కుడిచేతికి మారుస్తాడు."

ఇన్‌స్పెక్టరు మైకు మూసి సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "ఆ వాచీ నేను దగ్గరగా చూడాలి."

"దానికేం సార్!" సూపర్‌వైజరు చటుక్కున లేచాడు. అప్పటిదాకా ఒళ్ళు బరువుగా కదిలినవాడు ఇప్పుడు చురుగ్గా కదిలాడు. "భోజనం పంపే చిన్న అర ఉంది. అందులో పెట్టమంటే రెండు నిమిషాల్లో మీ చేతిలో ఉంటుంది. చిన్నోడా, అన్న వాచీ తీసి అరలో పెట్టు!"

"వద్దు!" లోపలి గదిలోంచి బావ అరిచాడు. "వద్దురా! వాచీ కీ వదులు చెయ్యకుండా పెట్టకు! గ్లాసు ఎగిరిపోతుంది!"

"ఎందుకెగురుతుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వాచీలోకి కూడా హీలియం దూరి ఉంటుంది సార్. ఒక్కసారిగా బయటికి తెస్తే లోపలి గాలి గ్లాసుని తన్నేస్తుంది. ముళ్ళు ఎక్కడికక్కడ చెదిరిపోతాయి. మొదటి నెల డైవరుకి కూడా తెలుసు."

ఇన్‌స్పెక్టరు సూపర్‌వైజరుని చూశాడు.

"మర్చిపోయాను సార్. నిద్ర లేదు కదా," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎన్నేళ్ళ సర్వీసు నీది?"

"ముప్ఫై."

"వాచీ అక్కడే ఉండనివ్వు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

* * *

రెయిలింగు దగ్గర ఆమె అలాగే ఉంది. ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడ్డాడు.

"మాటలెందుకు లేవమ్మా, మీ అన్నకీ మీ ఆయనకీ?"

"అన్నయ్యకి ఎడమచేతి వేళ్ళు మొద్దుబారుతున్నాయి. లోతుల్లో తిరిగి తిరిగి వచ్చే జబ్బు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మా ఆయన కంపెనీ డాక్టరుకి చెప్పేశాడు. ఈ ట్రిప్పు తరవాత పనిలోంచి దించేస్తారని తెలిసి అన్నయ్య మండిపడ్డాడు." ఆమె నీళ్ళ వైపే చూస్తోంది. "మా ఆయన మంచికే చెప్పాడండీ. మంచికి చెప్పే మాట ఎప్పుడు చెప్పాలో మాత్రం ఆయనకి తెలీదు."

"మీ తమ్ముడు మీ మాట వింటాడా?"

"ఇప్పుడు వినడు. నేను ఏ మాటన్నా మొగుణ్ణి వెనకేసుకొస్తున్నానంటాడు." ఆమె ఇటు తిరిగింది. "సార్, అయిదు దాటితే నాకు ఒకేసారి ఇద్దరు పోతారు. ఒకడు చస్తాడు, ఒకడు జైలుకి పోతాడు. పొద్దున పోయినవాడితో ముగ్గురు."

ఇన్‌స్పెక్టరు ఓడ ఫోను ఎక్కడుందో కనుక్కుని వెళ్ళాడు. అప్పటికి మూడూ పది.

ఎనభై రెండేళ్ళ గొంతు పలికింది. "ఎవరూ?"

"నేనే అమ్మా."

"తిన్నావా?"

"తింటాను గానీ, ఒక సంగతి చెప్పు."

"తినలేదన్నమాట. చెప్పు."

ఇన్‌స్పెక్టరు తల్లి యాభై ఏళ్ళు వాచీలు బాగుచేసింది. ఆ కొట్లో బల్ల కిందే ఆయన లెక్కలు నేర్చుకున్నాడు. ఆమె కంటికి భూతద్దం పెట్టుకుంటే ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. చిన్న స్క్రూ ఎగిరిపోతే ఆ పూట వంట లేదు.

"పాత క్వార్ట్జ్ వాచీ. నీళ్ళలో పెట్టుకునేది. పొద్దున సరిగ్గా ఉంది. ఇప్పుడు ఇరవై రెండు నిమిషాలు వెనక ఉంది. మెల్లగా నడుస్తోందా?"

"ఒరే, అది ఆగిందా, నెమ్మదించిందా? రెండూ ఒకటి కాదు. ఎంతసేపు చూశావు?"

"ముప్పావు గంట. తేడా పెరగలేదు."

"అయితే నెమ్మదించలేదు. ఎక్కడో ఇరవై రెండు నిమిషాలు నిలబడి, మళ్ళీ బయల్దేరింది. క్వార్ట్జ్ మెల్లగా నడవదురా. నడిస్తే నడుస్తుంది, లేకపోతే నిలబడుతుంది. నీలాగా ఈడ్చదు."

"సెల్లు?"

"సెల్లు అయిపోవస్తే ఆ పాతవాటిల్లో సెకన్ల ముల్లు రెండేసి అడుగులు దూకుతుంది. దూకుతోందా?"

"లేదు. ఒక్కొక్కటే."

"కీ లాగితే ఆగుతుంది. ఎవరైనా లాగారా?"

"మర కీ. బిగించే ఉంది. చేతులకి మందపాటి రబ్బరు గ్లౌజులు."

తల్లి ఆలోచిస్తోంది. ఫోనులో వెనక ఏదో వాచీ కొట్టుకుంటోంది.

"లోపల చిన్న రాయి ఉంటుంది. కరెంటు తగిలితే వణుకుతుంది. సెకనుకి ముప్ఫై రెండు వేల చిల్లర సార్లు. అది లెక్క తప్పదు. ఆ లెక్క ప్రకారం ఒక బుల్లి అయస్కాంతం చక్రం సెకనుకి ఒక అడుగు తిరుగుతుంది. పక్కకి పెద్ద అయస్కాంతం వచ్చిందనుకో, ఆ బుల్లిదాన్ని పట్టేస్తుంది. రాయి వణుకుతూనే ఉంటుంది. ముల్లు మాత్రం కదల్లేదు. పెద్దది వదలగానే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది. వేరే రకం వాచీ అయితే పాడవుతుంది. క్వార్ట్జ్ పాడవదు. ఆగినంతసేపు మాత్రం వెనకబడిపోతుంది." మళ్ళీ అడిగింది. "ఎవరిదిరా ఆ వాచీ?"

"చచ్చిపోయినవాడిది."

"అయ్యో," అంది తల్లి. "ఎవర్నీ దాన్ని సరిచెయ్యనివ్వకు."

* * *

నాలుగూ ఇరవైకి అందరినీ కంట్రోల్ రూములో నిలబెట్టాడు. సూపర్‌వైజరు కుర్చీలో ఉన్నాడు. అతను ఎక్కువసేపు లేవడానికి లేదు. లోపలి ఒత్తిడి అతనే చూస్తున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. స్పీకరు తెరిచే ఉంది. లోపలివాళ్ళకి ప్రతి మాటా వినబడుతుంది.

కానిస్టేబులు ఇంకో జలగని మోసుకొచ్చాడు. ఓడలో రెండున్నాయి. పావు బస్తా బరువుంటుంది. తెచ్చి బల్ల మీద పెట్టి వైరు తగిలించాడు.

ఇన్‌స్పెక్టరు తన వాచీ విప్పాడు. అదీ పాత క్వార్ట్జే. తల్లి ఇచ్చింది. జలగకి బెత్తెడు దూరంలో పెట్టాడు.

"కరెంటు ఇవ్వు."

"ఎందుకు సార్?"

"ఇవ్వు."

సూపర్‌వైజరు స్విచ్చు నొక్కాడు. జలగ చిన్నగా మూలిగింది. వాచీలో సెకన్ల ముల్లు ఆగిపోయింది.

గోడ గడియారం నడుస్తోంది. బల్ల మీద వాచీ నడవడం లేదు.

"తియ్యి."

టిక్కు.

"పొద్దున ఆరింటికి పెద్దోడి వాచీ సరిగ్గా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇప్పుడు ఇరవై రెండు నిమిషాలు వెనకుంది. అంటే కరెంటు ఉన్న జలగ పక్కన ఇరవై రెండు నిమిషాలుంది. జలగ ఎడమచేతికి, వాచీ కుడిచేతికి. ఆ రెండూ దగ్గర పడకూడదనే అతను మార్చి కట్టుకున్నాడు. మరి నాన్న వాచీని అంత జాగ్రత్తగా చూసుకునేవాడు కుడిచేతిని తెచ్చి జలగ మీద ఎందుకు పెట్టాడు?"

ఇన్‌స్పెక్టరు మైకు వైపు తిరిగాడు.

"చిన్నోడా. అన్న కాలికి తాడుతో కట్టిన కత్తి ఉంటుంది చూడు. తీసి కిటికీకి పెట్టు."

లోపల కదలిక. కిటికీ అద్దానికి కత్తి ఆనింది.

అంచు పళ్ళు పళ్ళుగా విరిగి ఉంది. రంపంలా ఉంది.

"నిన్ననే సాన పట్టాను," అన్నాడు చిన్నోడు. "నేనే పట్టాను సార్. వెంట్రుక తెగేది."

"ఎడమచేతి పట్టీ చూడు."

"స్టీలు అల్లికది సార్. వైరుకీ అదే తొడుగు. రబ్బరు పట్టీలు తెగుతున్నాయని మార్చారు..." గొంతు ఆగింది. "గీతలు. అంతా గీతలే ఉన్నాయి."

గుమ్మంలో ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పదీ పన్నెండుకి కరెంటు ఇచ్చారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పుస్తకంలో పదీ పదిహేనుకి తీసేసినట్టుంది. తియ్యలేదు. ఆ పదిహేనుకే వేణ్ణీళ్ళు ఆగాయి. బెల్లు చల్లబడిందని బావ చెప్పింది ఆ సంగతే. పెద్దోడు వెంటనే వెనక్కి రావాలి. బెల్లు పది బారల దూరంలో ఉంది. కరెంటు తియ్యమని పైకి అడిగాడు. పలికే మనిషి లేడు. బావ పిలిచాడు. వాడికీ ఎవరూ పలకలేదు. ఎడమచెయ్యి స్తంభానికి అతుక్కుపోయింది. దాని వేళ్ళకి ఎలాగూ పట్టు లేదు. మందపాటి గ్లౌజుతో కట్టు ఊడలేదు. కుడిచేత్తో కత్తి తీశాడు. తెగలేదు. మళ్ళీ కోశాడు. చలికి ప్రాణం పోయేదాకా, పోయాక కూడా, కొయ్యబారిన ఆ చెయ్యి అక్కణ్ణించి కదల్లేదు. పదీ పదహారుకి ఆగిన వాచీ, పదీ ముప్ఫై ఎనిమిదికి మళ్ళీ నడిచింది. ఎందుకంటే అప్పుడు ఎవరో కరెంటు తీశారు. సరిగ్గా అదే నిమిషానికి పుస్తకంలో గాలి పడిపోయిందని రాసి ఉంది."

ఆయన సూపర్‌వైజరు వైపు వంగాడు.

"బెల్లులో ఉన్న బావ ఆ కరెంటు ఇవ్వలేడు, తియ్యలేడు. స్విచ్చు ఒక్కటే ఉంది. నీ మోచేతి పక్కన. ఇరవై రెండు నిమిషాలు ఎక్కడున్నావు?"

"ఇక్కడే."

"ఇక్కడే ఉంటే వినలేదా?"

సూపర్‌వైజరు పెదాలు తడుపుకున్నాడు. చేతులు మాత్రం మీటల మీదే ఉన్నాయి. అలవాటు.

"ఇరవై గంటలయింది సార్ ఈ కుర్చీలో కూర్చుని. నా తరవాత ఎక్కాల్సినవాడు రాలేదు. కంపెనీకి రెండుసార్లు చెప్పాను. చెవులు నొప్పి పుట్టి హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాను. ఒక్క నిమిషమనుకున్నాను. కన్నంటుకుంది. లేచేసరికి వేణ్ణీళ్ళ మిషను ఎర్రదీపం వెలుగుతోంది. హెడ్‌ఫోను పెట్టుకున్నాను. అందులో ఏమీ..." మోచేతి పక్క స్విచ్చు వంక చూశాడు. "ఏమీ లేదు సార్. అన్నీ మళ్ళీ వేశాను. జలగ తీశాను. అప్పటికే..."

"ఆ తరవాత పుస్తకం రాశావు."

"రాశాను."

"వాచీ వెనకబడిన సంగతి నాకన్నా ముందే కిటికీలోంచి చూశావు. అందుకే గ్లాసు ఎగిరిపోయేలా అరలో పెట్టమన్నావు."

సూపర్‌వైజరు తల ఊపాడు.

"కునుకు సంగతి కోర్టు చూసుకుంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కునుకు తరవాత రాసిన రెండు లైన్లున్నాయి చూశావూ, వాటి సంగతి నేను చూస్తాను. లోపల స్పానరు పట్టుకుని కూర్చున్నవాడికి నువ్వు మనిషిని చూపించావు. అయిదింటి దాకా కాస్త ఓపిక పడితే, సాక్ష్యం చెప్పేవాడు ఉండడు. నీకు తెలుసు."

అతను ఒక మీటరు చూసి మీట సరిచేశాడు.

కానిస్టేబులు బేడీలు తీశాడు.

"ఆగు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇతన్ని లేపితే లోపలివాళ్ళ ఒత్తిడి ఎవరు చూస్తారు?"

కానిస్టేబులు అటూ ఇటూ చూశాడు. మీటలు, మీటర్లు, దీపాలు. ఒక్కటీ అతనికి అర్థం కాలేదు. బేడీలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇంకో సూపర్‌వైజరు రేవు నుంచి బయల్దేరి వచ్చేసరికి ఏడున్నర.

స్పీకరులో చిన్నోడి గొంతు వచ్చింది. "అంటే, మా అన్నని చంపినవాడి చేతిలోనే ఉన్నామా సార్ మేం? ఏడున్నర దాకా?"

ఎవరూ పలకలేదు. లోపలి గదిలోంచి బావ పలికాడు. పొద్దుటి నుంచి అదే మొదటిసారి అతని గొంతు వణక్కుండా ఉండడం.

"భయపడకురా. ఇవాళ నిద్రపోడు."

లోపల స్పానరు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. విసిరిన చప్పుడు కాదు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. అద్దం మీద అరచెయ్యి ఆనించింది. చిన్నోడు చూశాడు. తన చెయ్యి ఎత్తలేదు. అన్న పక్కన కూర్చున్నాడు. తల వంచుకున్నాడు.

"సార్," అన్నాడు చివరికి. "నాన్న వాచీ టైము సరిచెయ్యనా?"

"వద్దు. ఆ ఇరవై రెండు నిమిషాలూ కోర్టుకి కావాలి. కీ మర మాత్రం వదులు చెయ్యి, గ్లాసు ఎగిరిపోకుండా. లాగకు. లాగితే ఆగిపోతుంది."

"తెలుసు సార్."

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి చూశాడు. లావుపాటి వేళ్ళు అన్న మణికట్టు పట్టుకున్నాయి. కీని ఒక చుట్టు తిప్పాయి. ఇంకో చుట్టు. ఆగాయి. వాచీ నడుస్తూనే ఉంది. నాలుగూ ముప్ఫై మూడు. బయట నాలుగూ యాభై అయిదు.

చిన్నోడు తల ఎత్తకుండానే అన్నాడు.

"బావా. నీ దుప్పటి ఇలా పట్రా. అన్న మీద కప్పుదాం."

బావ మంచం దిగాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. తరవాత ఆ రెండడుగులూ వేశాడు.

ఇన్‌స్పెక్టరు ఒక స్టూలు లాక్కుని, సూపర్‌వైజరు పక్కన, అతని మొహం కనబడేలా కూర్చున్నాడు. తన వాచీ ఇంకా బల్ల మీదే ఉంది. అర నిమిషం వెనకుంది. సరిచెయ్యకుండానే చేతికి పెట్టుకున్నాడు.